అమ్మ ఎక్కే మేడ

పట్టిసీమ వీరభద్రస్వామిని చూడాలంటే లాంచీలో గోదావరి దాటాలి, దిగాక కొండమెట్లు ఎక్కాలి. మోకాళ్లు సహకరించని పెద్దవాళ్లు రేవులోనే నిలబడి దండం పెట్టుకుంటారు. స్వామి ఏమీ అనుకోడు. ఇంట్లో మేడమెట్ల దగ్గర ఆ సర్దుబాటు కుదరదు.

గోదావరి గట్టు ఊళ్లలో మేడ దర్జాకే కట్టుకున్నది కాదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరిన వరదను ఎరిగినవాళ్లకు పైన ఒక గది ఉండటమంటే ధాన్యానికీ పిల్లలకీ భద్రత. 2022 జులైలో అక్కడి నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడూ పైగదే దిక్కు. 1986లో బస్తాలు పైకి చేరేసినవాళ్లే ఇవాళ నాలుగు మెట్లకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నారు.

వాళ్ల కోసం మెట్ల లిఫ్టులు వచ్చాయి. మెట్ల వెంబడి ఒక పట్టా బిగిస్తారు, దానిమీద కుర్చీ నడుస్తుంది. (24 పంపులతో గోదావరినే ఎత్తి పోలవరం కుడికాల్వలో పోసే పట్టిసీమకు ఇదేం పెద్ద వింత కాదు.) హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉన్న కొడుకు ఫోన్లోనే బేరం తేల్చేస్తాడు. ప్రేమే, కాదనం. కొలతలు తీసే మనిషిని పంపే ముందు మాత్రం ఒక్కమాట అడగాలి: ‘అమ్మా, నువ్వు పైకి దేనికెళ్తావు?’

పడుకోవడానికే అయితే మంచం కిందికి దించితే సరిపోతుంది. డాబా మీద వడియాలు పెట్టుకోవాలి, సాయంత్రం కాసేపు ఏరు చూడాలి అంటే మాత్రం లిఫ్టు పెట్టించాల్సిందే. ఆ రెండూ కిందికి దిగివచ్చేవి కావు.

మెట్లు తిన్నగా ఉంటే పట్టా సులువు. మలుపు ఉంటే ఆ మెట్లకే కొలిచి వంచి చేయించాలి. ఖర్చు పెరుగుతుంది, రేపు ఇంకో ఇంటికి పనికిరాదు. మన పక్క మేడల్లో చాలావాటికి మెట్లు ఇంటి బయటే ఉంటాయి కనుక వానకు తట్టుకునే రకమే అడగాలి. బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి కరెంటు పోయినా మధ్యలో ఇరుక్కోరు. అయితే వరదనీరు కింది మెట్లెక్కే ఊళ్లో చార్జరు ఎక్కడ పెడతారో ముందే తేల్చుకోవాలి. పైకి చేరాక కుర్చీ మెట్లవైపు కాక మేడ నేలవైపు తిరగాలి. పడిపోయే ప్రమాదం ఎక్కువగా ఉండేది అక్కడే. ఆగిపోతే రాజమండ్రి నుంచి మనిషి వస్తాడా, హైదరాబాదు నుంచి రావాలా అన్నది ధరకన్నా ముఖ్యమైన ప్రశ్న.

అమ్మ తనంతట తాను అందులో కూర్చుని లేవగలదా అన్నది కొనకముందే కూర్చోబెట్టి చూడాలి. లేవలేకపోతే ఎంత ఖరీదైనదైనా మనవల ఆటవస్తువే అవుతుంది.

లిఫ్టు వచ్చినా రాకపోయినా మెట్లకు రెండువైపులా చేతికందే గొట్టం, ప్రతి మెట్టూ కనబడేలా దీపం ఈ వారమే పెట్టించవచ్చు. గొట్టం పని ఊళ్లో వెల్డరే చేసిపెడతాడు.