గోడ మీద ఆ నాలుగు వాక్యాలు ఎందుకు లేవు?

ఒకసారి ఒక అపరిచితుడి కోసం ఇరవై వేలు డిపాజిట్ కట్టాను. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. ఆ మెప్పు తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

2023లో, బళ్ళారిలో జరిగిన మాట. బంధువును చూడడానికి ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాను. క్యాజువాల్టీ ముందు స్ట్రెచర్ మీద ఒక కూలీ పడివున్నాడు. ఏదో మోటార్ సైకిల్ కొట్టేసి పోయిందట, తలనుంచి నెత్తురు కారుతోంది. కౌంటరులోని కుర్రవాడు ముందు డిపాజిట్, పోలీసు కాగితం కావాలని కన్నడంలో అంటున్నాడు. నేను ఫోనులో తెలుగు మాట్లాడడం విని ఆ ఇల్లాలు నా దగ్గరకు వచ్చింది.

"ఏమంటాండారు సార్ వాళ్ళు?"

"డబ్బు కట్టమంటున్నారమ్మా" అని చెప్పి, కార్డు తీసి కట్టేశాను. మనిషి బతికాడు. కాని ఆ డబ్బు ముందుగా అడగడమే తప్పని నాకు అప్పుడు తెలియదు. ముప్పై ఏళ్ళుగా అప్పు పత్రాలు చదువుతున్న కామర్స్ గ్రాడ్యుయేటునే తెలియనివాణ్ణయితే, ఆ కూలీ భార్యకు ఎవరు చెప్పాలి?

తరువాత చదివి తెలుసుకున్నాను. కారు ఢీకొన్న ఒక స్కూటరిస్టును, పోలీసు కేసులు చూసే అధికారం మాకు లేదంటూ ఒక ఆసుపత్రి ఇరవై కిలోమీటర్ల దూరానికి పంపింది. అతను దారిలోనే చనిపోయాడు. ఆ వార్త మీద వేసిన పర్మానంద్ కటారా వ్యాజ్యంలో 1989లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. డాక్టరు ప్రభుత్వంవాడైనా ప్రైవేటువాడైనా ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు లాంఛనాలు తరువాత. 1996లో, రైలునుంచి పడిన ఒక శ్రామికుణ్ణి మంచాలు లేవని కలకత్తా ప్రభుత్వ ఆసుపత్రులు తిప్పిపంపినందుకు 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. కర్ణాటక ప్రైవేటు వైద్య సంస్థల చట్టానికి వచ్చిన 2017 సవరణ, అత్యవసరంలో అడ్వాన్సు కోసం పట్టుబట్టకూడదన్నది. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితునికి నిర్ణీత ఆసుపత్రులలో 7 రోజులవరకు, లక్షన్నర దాకా నగదు కట్టకుండా చికిత్స జరగాలి.

చట్టాలకేం కొదవలేదు. చెప్పేవాళ్ళే లేరు.

చిరిగిన నోట్లు మారుస్తామని మా బ్రాంచిలో బోర్డు ఉండాలి. మాపైన ఎవరికి ఫిర్యాదు చేయాలో కూడా గోడ మీద ఉండాలి. లేకపోతే తనిఖీకి వచ్చినవాళ్ళు తప్పు రాస్తారు. చిరిగిన పది రూపాయల నోటుకున్న మర్యాద పగిలిన తలకు లేదా?

ఆసుపత్రులవాళ్ళు అనే మాట ఒకటుంది: "బోర్డు పెడితే అందరూ ఉచితమనుకుంటారు, మా ఖర్చు ఎవరిస్తారు?" వారి బాధ నాకు అర్థమవుతుంది. మొండి బాకీలతోనే నా ఉద్యోగమంతా గడిచింది. కాని బిల్లు వేయవద్దని ఎవరూ అనడం లేదు. బిల్లును ప్రాణానికి ముందు పెట్టవద్దన్నదే చట్టం. బాకీ వసూలుకు నోటీసులున్నాయి, కోర్టులున్నాయి. పోయిన ప్రాణాన్ని ఏ కోర్టు వసూలు చేసిపెడుతుంది?

ఇక భాష సంగతి. ఒక ప్రాంతంలో జనాభాలో 15 శాతానికి తగ్గని భాషా అల్పసంఖ్యాకులు ఉంటే ముఖ్యమైన ప్రకటనలు, నిబంధనలు వారి భాషలోనూ ప్రచురించాలన్న రక్షణ దశాబ్దాలుగా కాగితాల మీద ఉంది. మన సంఘాలు దాన్ని బడుల కోసం, ఉగాది సెలవు కోసం అడిగాయి, సంతోషం. క్యాజువాల్టీ తలుపు కోసం ఎప్పుడైనా అడిగామా? బళ్ళారి అయినా, హోసూరు అయినా, బరంపురం, షోలాపూరు అయినా సుప్రీంకోర్టు తీర్పు ఒక్కటే. అది మనవాళ్ళకు అర్థమయ్యే అక్షరాల్లోనే లేదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. డబ్బు కట్టే కౌంటరు పక్కనే, రాష్ట్ర భాషతోపాటు తెలుగులో నాలుగు వాక్యాలు. "అత్యవసరంలో ముందు చికిత్స. అడ్వాన్సు అడగరాదు. పోలీసు కాగితం కోసం ఆపరాదు. నిరాకరిస్తే ఫిర్యాదు ఫలానా అధికారికి." చదువురానివారికి అక్కడున్న నర్సమ్మ నోటితో చెప్పాలి.

మన సంఘాలు వచ్చే సభలో సన్మానాలతోపాటు ఈ తీర్మానం కూడా చేసి, జిల్లా ఆరోగ్యాధికారికి అందజేయాలి. మళ్ళీ ఎవరైనా ఆ ఇల్లాలిలాగా నన్ను అడిగితే, ఈసారి కార్డు కంటే ముందు ఆ నాలుగు వాక్యాలు తీస్తాను.