అమ్మాయికి ఆ టీకా వేయించాలా?

పోయిన శుక్రవారం సాల్మియాలో ఒకరింట్లో భోజనాలయ్యాక, రాయచోటి ఆమె తన ఫోన్ నా చేతిలో పెట్టింది. "అక్కా, పాపకు పన్నెండేళ్లు. హెచ్‌పీవీ టీకా వేయిద్దామనుకున్నా. ఇది చూడు, వేయిస్తే పిల్లలు పుట్టరంట!" తెలుగు వీడియోనే. చివర్లో, "ఖమ్మంలో ఏం జరిగిందో మరిచారా?" అన్న ప్రశ్న.

ఖమ్మం సంగతి నిజమే, కానీ వీడియో చెప్పింది సగమే. 2009 జులైలో ఖమ్మం జిల్లాలోని మూడు మండలాల్లో 10-14 ఏళ్ల బాలికలు దాదాపు 14 వేల మందికి ఈ టీకా మొదలుపెట్టారు. వారిలో గిరిజన పిల్లలు, హాస్టల్ పిల్లలు చాలామంది. కొందరు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. ఆ మరణాలకు నీట మునగడం, పురుగుమందు, జ్వరాల వంటివి కారణాలని, టీకాతో సంబంధం ఉన్నట్టు కనిపించలేదని విచారణలో తేలింది. తప్పు మరోచోట జరిగింది. చాలా ఫారాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం కూడా దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

అడగకుండా చేసిన చోటే పుకారు వేళ్లూనుకుంటుంది. జపాన్‌లో 2013లో దుష్ప్రభావాల వార్తలు రాగానే ప్రభుత్వం టీకాను సిఫారసు చేయడం ఆపింది. 70 శాతం దాకా ఉన్న టీకాలు ఒక శాతం లోపుకు పడిపోయాయి. మళ్లీ సిఫారసు చేయడానికి 2022 వరకు పట్టింది. డెన్మార్క్‌లోనూ 2015లో టీవీ కార్యక్రమం తర్వాత తల్లులు భయపడ్డారు. అక్కడి ఆరోగ్య శాఖ, డాక్టర్ల సంఘం, క్యాన్సర్ సొసైటీ కలిసి 2017లో ప్రచారం మొదలుపెట్టి, ఫేస్‌బుక్‌లో తల్లుల ప్రశ్నలకు జవాబులిచ్చాయి. టీకాలు మళ్లీ పెరిగాయి.

టీకాలపై అబద్ధపు వీడియోలను తీసేస్తామని యూట్యూబ్ 2021లో ప్రకటించింది. వాట్సాప్ ఫార్వర్డ్‌లకు పరిమితి పెట్టింది. కానీ మన ఫ్యామిలీ గ్రూపులో తిరిగేదాన్ని ఏ ప్రభుత్వం తీసేస్తుంది? అక్కడ జవాబు చెప్పాల్సింది మనమే.

మనం మాట్లాడకపోవడానికి అసలు కారణం సిగ్గు. ఈ వైరస్ శారీరక సంబంధం ద్వారా సోకుతుంది కాబట్టి, "పెళ్లి కాని పిల్లకెందుకు?" అంటాం. వైరస్ సోకకముందే వేస్తే బాగా పనిచేస్తుంది కాబట్టే 9-14 ఏళ్ల వయసులో వేయమంటున్నారు. సంతానం కలగకుండా చేస్తుందనడానికి ఆధారం లేదు. చెయ్యి నొప్పి, కొద్దిపాటి జ్వరం రావచ్చు. సూది భయంతో కళ్లు తిరిగే పిల్లలుంటారు, పావుగంట కూర్చోబెడితే చాలు. మన దేశంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఏటా లక్ష మందికి పైగా ఆడవాళ్లకు వస్తోంది. ముప్ఫై దాటిన మనకు స్క్రీనింగ్ పరీక్ష కూడా అవసరమే.

ఇదంతా విని ఆమె, "అయితే పాపకు ఏమని చెప్పాలి అక్కా?" అంది. "క్యాన్సర్ రాకుండా టీకా అని చెప్పు. అది ఇంకా ఏమడిగితే అంతవరకు నిజం చెప్పు. ముందు నీ అనుమానాలన్నీ డాక్టర్ని అడుగు" అన్నాను.

వచ్చే వారం అపాయింట్‌మెంట్ తీసుకుంది. తోడు రమ్మంది. వెళ్తున్నాను.