బొమ్మ లేచి నిలబడితే చాలదు

డోంగ్లి: పుస్తకంలోని గుండె బొమ్మకు ఫోను చూపితే, అది తెరపై లేచి నిలబడి కొట్టుకుంటుంది. ఎటు నుంచి చూస్తే ఆ వైపు కనబడుతుంది. దీన్నే ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటున్నారు. చిన్న తరగతులకు ఈ యాప్‌లు ఎంతవరకు మేలు?

తెర మీద పాఠం పల్లెలకు కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు వచ్చాయి. వాటిలో మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలూ ఉన్నాయి. ఉపగ్రహం అమెరికాది. గడువు తీరగానే వెనక్కి మళ్లించుకున్నారు. యాప్‌ల సంగతీ అంతే. బడుల కోసం తెచ్చిన ఎక్స్‌పెడిషన్స్ యాప్‌ను గూగుల్ 2021లో ఎత్తివేసింది. అందుకే యాప్‌నే నమ్ముకుని పాఠం నడపరాదు.

ఎద్దును చూపడానికి ఫోను అక్కరలేదు, అది ఊళ్లోనే ఉంది. కంటికి కనబడని గుండెకు, గ్రహాలకు మాత్రం పనికొస్తుంది. అయితే చవక ఫోన్లు చాలావాటిలో ఇది పనిచేయదు. ఒక్క ఫోను ముప్పై చేతులు మారేసరికి గంట కొడతారు.

2022లో మండలమైన డోంగ్లి మహారాష్ట్ర సరిహద్దు ప్రాంతం. ఇంట్లో మరాఠీ, బడిలో తెలుగు వినే పిల్లకు ఇంగ్లీషు బొమ్మ ఏం బోధిస్తుంది? సారే తెలుగులో విడమరచాలి. ఫోను, నెట్ ఖర్చు ఆయన జేబుపై పడకూడదు. నాలుగైదు బడులకు కలిపి ఒక మంచి ట్యాబ్ ఇప్పించాలని గ్రామస్థులు అడగడం సబబు.

చూసినదాన్ని పిల్లవాడు పలకపై గీసి, తన మాటల్లో చెప్పగలిగితేనే అది చదువు. లేకుంటే తమాషా.