జారిపోయిన ఒక్క మాట

1980 సెప్టెంబరు 28వ తేదీన అమెరికా టెలివిజనులో ‘కాస్మాస్’ అను విజ్ఞాన ధారావాహిక ప్రారంభమైనది. పదమూడు భాగములలో విశ్వమును సామాన్యుని యింటికి తెచ్చిన ఆచార్య కార్ల్ సేగన్, పదవ భాగమున తమిళనాటి పొంగలి పండుగను, నటరాజ విగ్రహమును చూపి, బ్రహ్మదేవుని అహోరాత్రము 864 కోట్ల సంవత్సరములని చెప్పినారు. ఆధునిక ఖగోళశాస్త్రపు కాలమానముతో పోలిక గల మతము హిందూమతమొక్కటే అన్నారు.

మనవారికి ఇంతకంటె ఏమి కావలెను? సభలలో ఆ మాట నేటికిని మారుమ్రోగుచునే యున్నది. నిత్యము సంకల్పములో కల్పమును, మన్వంతరమును పలుకు పెద్దలకు సంతోషము కలుగుట సహజము. దానిని ఎగతాళి చేయుట మర్యాద కాదు. అయితే ఆ పోలిక నిస్సంశయముగా యాదృచ్ఛికమని సేగన్ అదే వాక్యమున అన్నారు. ఆ ఒక్క మాట మన చెవులకు చేరులోపల జారిపోయినది. ప్రశ్నను సగము చదివి జవాబు వ్రాసిన విద్యార్థికి సున్న వేయు ఉపాధ్యాయుడు సైతము ఈ సగము వాక్యమునకు పూర్తి మార్కులు వేయుచున్నాడు!

కల్పము 432 కోట్ల ఏండ్లు. భూమి వయస్సు సుమారు 454 కోట్లు. అంకెలు దగ్గరివే. కాని రెండవ అంకె ఎట్లు వచ్చినదని అడిగినచో, ఉల్కాశిలలలో యురేనియము సీసముగా మారు వేగమును చూపి సమాధానము చెప్పవచ్చును. తప్పు తేలినచో దిద్దుకొనవచ్చును. సేగన్ నాడు విశ్వము వయస్సును 1500 నుండి 2000 కోట్ల ఏండ్లని చెప్పినారు. కొలతలు మెరుగుపడి నేడది సుమారు 1380 కోట్లయినది. ఇందుకు శాస్త్రజ్ఞులెవరును చిన్నబుచ్చుకొనలేదు.

ఆకాశము పెట్టు పరీక్ష విజయనగరమునకు క్రొత్త కాదు. 1910లో హేలీ తోకచుక్క వచ్చినపుడు, దాని తోకలోని విషవాయువు భూమిని కమ్మునని పాశ్చాత్యులు సైతము వణికిరి. గురజాడ అప్పారావుగారు ‘ముత్యాల సరములు’లో ఆ చుక్కను అరిష్టముగా కాక సంఘసంస్కరణకు పతాకగా చూపినారు. నాడు ఎదుర్కొనవలసినది భయము. నేడు గర్వము, దీనితో వ్యవహరించుట మరింత కష్టము.

శ్రీకాకుళపు ఉపాధ్యాయుడు అందుకు దూరము పోనక్కరలేదు. అరసవల్లిలో మార్చి 10, అక్టోబరు 2 తేదీల ప్రాంతమున ఉదయకిరణములు సూర్యనారాయణస్వామి పాదములను తాకుటను చూడ వేలాది జనము వత్తురు. ఈ రెండు మాసములలోనే ఏల? మార్చి విషువత్తుకు పది దినములు ముందును, సెప్టెంబరు విషువత్తుకు పది దినములు తరువాతను సూర్యుడు తూర్పునకు కొంచెము దక్షిణముగా, ఇంచుమించు ఒకే తావున ఉదయించును. బడి ఆవరణలో కర్ర పాతి, మార్చి ఉదయమున దాని నీడ వెంట గీత గీసిన పిల్లవాడు, అక్టోబరులో నీడ తిరిగి ఆ గీతకే వచ్చుట చూడగలడు. మబ్బు పట్టెనా, భక్తులవలెనే వాడును మరునాటికై వేచియుండవలెను.