నరం తీసిన పన్ను మళ్లీ నొప్పెడితే...

‘నరం తీసేశారు కదా సార్‌, మళ్లీ నొప్పేమిటి?’ జనరల్‌ మెడిసిన్‌ ఓపీలో ఈ ప్రశ్న మాకు తరచూ ఎదురవుతుంది. దవడ వాచి, జ్వరంతో వస్తారు. షుగరు చూస్తే 300 దాటి ఉంటుంది. ఆరా తీస్తే ఎప్పుడో రూట్‌ కెనాల్‌ చేయించుకున్న పన్ను. నెలల తరబడి సలుపుతోంది. సలిపినప్పుడల్లా మందుల షాపులో యాంటీబయాటిక్‌ కొని మూడు రోజులు వేసుకున్నారు. తగ్గింది. మళ్లీ వచ్చింది. నేను దంతవైద్యుణ్ని కాను, ఫిజీషియన్‌ని. కానీ ఆ నిర్లక్ష్యం చివరికి మా వార్డుకే చేరుతోంది కాబట్టి ఈ నాలుగు మాటలు చెప్పాల్సి వస్తోంది.

ముందు ఆ ప్రశ్నకే జవాబు. రూట్‌ కెనాల్‌లో పంటి లోపలి నరాన్ని, రక్తనాళాలను తీసేసి, వేళ్లలోని సన్నని కాలువలను శుభ్రం చేసి, గట్టా పెర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో మూసేస్తారు. దాంతో పంటి లోపల స్పర్శ పోతుంది. వేరు చుట్టూ ఉన్న ఎముకకు మాత్రం పోదు. లోపల మిగిలిపోయిన, లేదా తర్వాత చేరిన సూక్ష్మక్రిములు వేరు కొస దాటితే అక్కడి ఎముక కరిగి చీము పడుతుంది. నొప్పి అక్కడిది. కొందరికి నొప్పే ఉండదు. చిగురు మీద చిన్న పొక్కు లేచి, పగిలి, మళ్లీ లేస్తుంటుంది. అదీ ఇన్ఫెక్షనే.

మరి మాత్రలతో ఎందుకు పోదు? సాగర్‌ కుడి కాలువ నిండా నీళ్లున్నా తూము మూసేస్తే మీ చేలోకి చుక్క రాదు కదా! మందును మోసుకెళ్లేది రక్తం. నరం తీసిన పంటిలోకి రక్తం వెళ్లదు. మందు చుట్టుపక్కల వాపును తగ్గిస్తుందే కానీ లోపల దాక్కున్న క్రిములను చేరలేదు. అందుకే నాలుగు వారాలకో, నాలుగు నెలలకో కథ మళ్లీ మొదటికొస్తుంది. ఈలోగా ఎముక మరికొంత కరుగుతుంది, క్రిములు ఆ మందుకు అలవాటుపడతాయి.

మొదటి చికిత్స ఎందుకు విఫలమవుతుంది? అన్నిసార్లూ డాక్టరు తప్పే కాదు. పై దవడలోని మొదటి పెద్ద పన్నుకు సాధారణంగా మూడు వేళ్లుంటాయి. కాలువలు మాత్రం సగానికి పైగా పళ్లలో నాలుగు. ఆ నాలుగోది చాలా సన్నగా ఉండి మామూలు ఎక్స్‌రేలో కనిపించకుండా తప్పించుకుంటుంది. క్యాప్‌ అంచు కింద కొత్తగా పుచ్చినా, వేరు చీలినా ఇబ్బందే. ఇక మన ప్రాంతంలో నేను ఎక్కువగా వినే కారణం వేరు: ‘పత్తి అమ్మాక క్యాప్‌ వేయించుకుంటాం’, ‘మిర్చి యార్డు నుంచి డబ్బులు రానివ్వండి’. పంట అమ్ముడవుతుంది, అప్పులు తీరుతాయి, పన్ను మాత్రం తాత్కాలిక సిమెంటుతోనే ఉండిపోతుంది. సిమెంటు అరిగి లాలాజలం లోపలికి దిగితే చేసిన చికిత్సంతా వృథా. బాగా పుచ్చి డొల్లయిన పన్ను క్యాప్‌ లేకపోతే నమిలేటప్పుడు చీలిపోతుంది కూడా.

అలాంటి పన్నును పీకించేయాల్సిందేనా? చాలాసార్లు అక్కర్లేదు. పాత పూరకాన్ని తీసి, వదిలేసిన కాలువను వెతికి, మళ్లీ శుభ్రంచేసి మూసి, కొత్త క్యాప్‌ వేయొచ్చు. మొదటిసారి చికిత్స దాదాపు 10 మందిలో 8-9 మందికి ఫలిస్తే, రెండోసారిది 7-8 మందికి ఫలిస్తుంది. అది కుదరనప్పుడు చిగురు తెరిచి వేరు కొసను మాత్రమే కోసి మూసే చిన్న ఆపరేషన్‌ ఉంది. వేరు నిలువునా చీలితే మాత్రం సాధారణంగా తీయించక తప్పదు.

కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్‌ నీళ్లతో గారపళ్లు వచ్చినవారు ‘ఎలాగూ పాడైన పన్నే’ అని తొందరపడుతుంటారు. పన్ను నిలుస్తుందో లేదో తేల్చేది ఆ మరక కాదు. మిగిలిన గట్టి భాగం, వేరు, దాని చుట్టూ ఉన్న ఎముక.

కాబట్టి డాక్టరును నాలుగు ప్రశ్నలు అడగండి. మొదటి చికిత్స ఎందుకు విఫలమైంది? వేరు చీలిందా, సీబీసీటీ స్కాన్‌ అవసరమా? క్యాప్‌ నిలిచేంత పన్ను మిగిలిందా? క్యాప్‌తో కలిపి మొత్తం ఖర్చెంత? రెండోసారి చికిత్స మొదటిదానికంటే కష్టమైన పని. వీలైతే ఇందులో ప్రత్యేక శిక్షణ పొందిన ఎండోడాంటిస్ట్‌ దగ్గరికి వెళ్లండి. ఖర్చుకు వెనుకాడేవారు విజయవాడలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలలోనో, గుంటూరు పక్కన తక్కెళ్లపాడులోని దంత వైద్య కళాశాలలోనో విచారించవచ్చు.

‘రూట్‌ కెనాల్‌ చేసిన పన్నుతో ఒళ్లంతా జబ్బులొస్తాయట’ అని ఫోన్లలో తిరిగే సందేశాలను నమ్మకండి. ఇది పాత భ్రమే. 1910 తర్వాత కొన్ని దశాబ్దాలపాటు పాశ్చాత్య దేశాల్లో మాలాంటి వైద్యులే అనేక జబ్బులకు పళ్లే కారణమని నమ్మి, బాగుచేయదగ్గ పళ్లను కూడా పీకించారు. ఆ వాదానికి తర్వాత ఆధారాలు నిలవలేదు.

మా వైపు నుంచి కొన్ని జాగ్రత్తలు. షుగరు అదుపులో లేకపోతే వేరు చుట్టూ ఎముక మానడం ఆలస్యమవుతుంది. ఇన్ఫెక్షన్‌ ఉంటే షుగరు దిగిరాదు. రెండింటికీ ఒకేసారి చికిత్స జరగాలి. రక్తం పలుచబడే మందులను మీ అంతట మీరు ఆపొద్దు. గుండె కవాటం మార్పించుకున్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. ఎముకలు గుల్లబారడానికి, క్యాన్సర్‌కు జోలెడ్రోనిక్‌ యాసిడ్‌ లాంటి ఇంజెక్షన్లు తీసుకున్నవారిలో పన్ను పీకిన చోట దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది. వీరికి వీలైనంతవరకు పన్నును కాపాడుకోవడమే మేలు.

నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా, నాలుక కిందో మెడలోనో వాపు వచ్చినా, ఊపిరి ఇబ్బందైనా తెల్లవారేదాకా ఆగొద్దు. వెంటనే పెద్దాసుపత్రికి రండి. ఆ వాపు శ్వాసమార్గాన్ని మూసేయగలదు.

అంతదాకా రాకుండా చూసుకోవడం మీ చేతిలోనే ఉంది. ఈ ఆదివారం ఇంట్లో ఒకసారి అడగండి, నరం తీయించుకుని క్యాప్‌ వేయించుకోనివారు ఎవరైనా ఉన్నారా అని. ముఖ్యంగా అమ్మను అడగండి. ఇంటి ఖర్చులన్నీ తీరాక చివరికి మిగిలేది ఆవిడ పన్నే.