ఏది ఆట? ఏది క్రీడ?

సంక్రాంతి వేడుకలు ముగిసినవి. కప్పులు పంచడమైనది, పందిరి గుంజలు పీకడమైనది, కిరాయి కుర్చీలు తిరిగి వెళ్ళినవి. కాని ఒక తగవు మాత్రం ముగియలేదు. అది హాలులో పుట్టి, కార్యవర్గ సమావేశానికి ఎక్కి, అక్కడ తేలక, చివరకు మా బల్లమీదికి వచ్చి కూర్చున్నది. తీర్పు చెప్పే పెద్దరికం మాకు లేదు గాని, చదువరుల ముందు పెట్టి నలుగురినీ ఆలోచింపజేయడం మా పని గనుక ఈ నెల ఆ సంగతే ముచ్చటిస్తాము.

జరిగినదిది. ఆడవారి పోటీలలో వామనగుంటల ఆట కూడ పెట్టినారు. అందులో డెబ్బయి దాటిన ఒక పెద్దమ్మగారు గెలిచినారు. చివరి ఆటలో ఆమె ఓడించినది కాలేజీలో లెక్కలు చదువుతున్న సొంత మనుమరాలిని. బహుమతుల వేళ పరుగు పందెంలో గెలిచినవారికీ, త్రోబాల్ జట్టుకూ కప్పులిచ్చి, ఈమెకు ఒక స్టీలు డబ్బా ఇచ్చినారు. ఆమె డబ్బా పుచ్చుకొని అటూ ఇటూ తిప్పి చూసి, "డబ్బా బాగానే ఉన్నది నాయనా, నాకు కప్పేదీ?" అన్నారు. హాలంతా నవ్వింది. కార్యదర్శిగారు వినయంగా, "కప్పులు క్రీడలకండీ, పెద్దమ్మగారూ. ఇది కాలక్షేపం గదా!" అన్నారు. "కాలక్షేపమైతే మరి పోటీ ఎందుకు పెట్టినావు బాబూ?" అని ఆమె అడిగినారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇక్కడ మేము ఒక మాట ఒప్పుకోవాలి. కప్పులు 'క్రీడల'కు మాత్రమే అన్న నియమం మూడేండ్ల క్రితం కార్యవర్గం చేసినది. ఆనాడు చెయ్యెత్తిన వారిలో మేమూ ఉన్నాము. క్రీడ అంటే ఏమిటని ఆనాడు ఎవరూ అడగలేదు, మాకూ తోచలేదు. పెద్దమ్మగారు అడిగిన తరువాత గాని చేసినదేమిటో తెలిసిరాలేదు.

అసలు మన భాషలో ఈ చిక్కు లేదు. చెడుగుడూ ఆటే, చదరంగమూ ఆటే, పేకా ఆటే. సినిమాకు వెళ్ళినా మొదటి ఆట, రెండో ఆట అంటాము. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెతలో ఆట అంటే నాట్యం. ఇన్నింటినీ ఒక్క మాటలో ఇముడ్చుకొన్న వాళ్ళం, 'స్పోర్ట్స్' అన్న మాట వచ్చిన తరువాత దానికి సరిగా 'క్రీడ' అని పెట్టుకొని, గీత గీయడం మొదలుపెట్టినాము. సరే, గీసినాము. ఎక్కడ గీయాలన్నదే ప్రశ్న.

కార్యవర్గంలో ఒక పక్షంవారు చెప్పినది తేలికైన మాట: "చెమట పట్టనిది క్రీడ కాదు." వినడానికి ఇంపుగానే ఉన్నది. కాని చెమటే కొలబద్ద అయితే ఈ ఊళ్ళో మూడో అంతస్తుకు నీళ్ళ బిందెలు మోసే ఇల్లాళ్ళందరికీ కప్పులివ్వాలి. కోడి రామమూర్తి నాయుడుగారు రొమ్ముమీద ఏనుగును నిలబెట్టుకొన్నారని మనం గర్వంగా చెప్పుకొంటాము. ఆ బలానికి సాటి ఏది? అయినా అది ప్రదర్శన. అవతల పోటీదారు లేడు, గెలుపూ ఓటమీ లేవు. ఇక మరొకవైపు చూడండి. 2008లో బీజింగు ఒలింపిక్సులో అభినవ్ బింద్రా పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో స్వర్ణపతకం తెచ్చినారు. ఆ పోటీలో నేర్పంతా కదలకుండా నిలవడంలోనే ఉన్నది. కదిలితే గురి తప్పుతుంది. దానిని క్రీడ కాదన్నవారిని మేము చూడలేదు. కాబట్టి చెమట కొలబద్ద చాలదు.

రెండవ పక్షంవారు, "ఒలింపిక్సులో ఉన్నదే క్రీడ" అన్నారు. ఆ పట్టికను నమ్ముకొంటే మరీ చిక్కు. తాడు లాగుడు పోటీ 1900 నుంచి 1920 వరకు ఒలింపిక్సులో ఉండి తరువాత పోయింది. తాడు మారలేదు, లాగుడు మారలేదు. 1912 నుంచి 1948 వరకు కవిత్వానికీ, చిత్రలేఖనానికీ, శిల్పానికీ, సంగీతానికీ కూడ ఆ పండుగలోనే పతకాలిచ్చినారు. 2024లో పారిస్‌లో 'బ్రేకింగ్' అనే వీధి నాట్యానికి పతకాలిచ్చినారు. 2028 నాటి లాస్ ఏంజిలిస్ పట్టికలో దానికి చోటు లేదు. క్రికెట్టు 1900లో ఒక్కసారి ఆడి, మళ్ళీ 2028 పట్టికకెక్కింది. నడుమనున్న నూరేండ్ల పైచిలుకు కాలంలో క్రికెట్టు క్రీడ కాకుండా పోయిందా? నాగపురంలో తెలుగింట పుట్టి, 1932లో మన దేశపు తొలి టెస్టు జట్టుకు నాయకుడైన సి.కె. నాయుడుగారు ఆడినది కాలక్షేపమా? పట్టికలు మనుషులు వేసేవి, మనుషులే కొట్టివేసేవి.

పోనీ, మన ప్రభుత్వంవారి మాట విందాము. 1961లో అర్జున పురస్కారాలు నెలకొల్పినప్పుడు ఆ తొలియేటి వారిలోనే చదరంగపు మాన్యుయెల్ ఆరన్‌గారున్నారు. ఆ పైన ఖేల్‌రత్న వచ్చినప్పుడు, 1991-92కు గాను మొట్టమొదట దానిని అందుకొన్నది మన చెన్నపట్నపు విశ్వనాథన్ ఆనంద్. దేశంలో క్రీడాకారుడికిచ్చే అత్యున్నత సత్కారం పరుగెత్తేవాడికి గాని బంతి కొట్టేవాడికి గాని ముందుగా పోలేదు. కుర్చీలో కూర్చొని గళ్ళబల్ల చూసేవాడికి పోయింది. ఇదే ఊళ్ళో తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ 2024 డిసెంబరులో సింగపూరులో, పద్నాలుగు ఆటలు మూడు వారాలపాటు ఆడి, పద్దెనిమిదో ఏట ప్రపంచ విజేత అయినాడు. ఆనాడు మన హాలులో మిఠాయిలు పంచినది ఈ కార్యవర్గమే. అప్పుడు చదరంగం క్రీడా, వామనగుంటలు కాలక్షేపమా అని ఎవరికీ తోచలేదు. గుడివాడ బిడ్డ కోనేరు హంపి 2006లో దోహా ఆసియా క్రీడలలో స్వర్ణం తెచ్చినప్పుడూ తోచలేదు. 2018లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలోనయితే పేకముక్కల బ్రిడ్జిలో మన దేశానికి స్వర్ణం తెచ్చిన జోడీలో ప్రణబ్ బర్ధన్‌గారికి అరవై ఏండ్లు, శిబ్‌నాథ్ సర్కార్‌గారికి యాభయి ఆరు. మన పెద్దమ్మగారు వింటే, ఇంకో పదేండ్ల క్రితం చెబితే నేనూ వెళ్ళేదాన్ని గదా అంటారు కాబోలు.

పేక మాట వచ్చింది గనుక జూదం సంగతి తప్పదు. ఆటకూ జూదానికీ నడుమ గీత మన పూర్వులకు తెలుసు. ధర్మరాజు ఆడినదానిని ఎవరూ క్రీడోత్సవమనరు. పాచికల ఆటలో నేర్పు లేదా అంటే ఉన్నది. శకునికి కావలసినంత ఉన్నది. ఆ సభలో చెడినది నేర్పు లేకపోవడం వల్ల కాదు, తమ్ములనూ, ఆలినీ పందెం ఒడ్డడం వల్ల. కోర్టులవారు చాలాకాలం నేర్పు, అదృష్టం అన్న త్రాసుతో తూచినారు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద నడిచిన కేసులో, పడిన ముక్కలు గుర్తుంచుకోవడానికీ, ఏది ఉంచుకొని ఏది పారవేయాలో తేల్చుకోవడానికీ నేర్పు కావాలి గనుక రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు 1968 నాటి సంపుటాలలో ఉన్నది. తమిళనాడు గుర్రప్పందేల మీద 1996లోనూ ఆ త్రాసే పట్టుకొని, అదీ నేర్పుతో కూడినదే అన్నది. కాని 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం త్రాసును మార్చింది. ఫోనుల మీద, కంప్యూటర్ల మీద డబ్బు ఒడ్డి ఆడే ఆటలలో నేర్పున్నా లేకున్నా కూడదన్నది; డబ్బు ఒడ్డకుండా నియమాలతో ఆడే ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం పోటీక్రీడగా గుర్తించింది. పెద్దమ్మగారు చింతపిక్కలు తప్ప మరేమీ ఒడ్డలేదు గనుక ఆమెకు ఈ చట్టం భయం లేదు.

ఇంత తిరిగి వచ్చిన తరువాత మా బుద్ధికి తోచిన కొలబద్ద ఇది. క్రీడకు నాలుగు గుర్తులు ఉండాలి. మొదటిది, నియమాలు ఆటకు ముందే ఇద్దరికీ తెలిసి ఉండాలి. రెండవది, గెలుపు అదృష్టం మీదకన్న అభ్యాసం మీద ఎక్కువగా ఆధారపడాలి. మూడవది, ఆడేవారు ఇష్టపడి ఆడాలి. గోదావరి జిల్లాల కోడిపందెంలో నియమాలున్నవి, పెంపకంలో నేర్పున్నది. కాని పుంజును ఎవరు అడిగినారు? 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం సంగతి అటుంచినా, ఒప్పుకోని ప్రాణి ఆటగాడు కాదు. నాలుగవది, ఓడినవాడు ఆట ఒక్కటే ఓడి, ఇల్లూ వాకిలీ ఓడకుండా ఇంటికి వెళ్ళగలగాలి.

వామనగుంటలను ఈ నాలుగింటితో చూడండి. రెండు వరుసల్లో ఏడేసి గుంటలు. పాచిక లేదు, గవ్వ లేదు. చింతపిక్కలన్నీ ఇద్దరి కళ్ళ ముందే ఉంటవి. ఏ గుంట తీస్తే ఎక్కడ పంచడం ఆగుతుందో, ఎదుటివారికి ఏమి మిగులుతుందో మనసులో లెక్క కట్టాలి. అదృష్టానికి అందులో చోటు లేదు. పులి-మేక కూడ అంతే. అష్టాచెమ్మలో గవ్వలు చెప్పినట్టు నడవాలి గనుక అక్కడ అదృష్టం కొంత ఉన్నదని ఒప్పుకొంటాము. ఇక తొక్కుడుబిళ్ళ సంగతి ఏమిటి? ఒంటికాలిమీద గెంతాలి, గురి చూసి బిళ్ళ వేయాలి, గీత తొక్కకూడదు. చెమట పక్షంవారికి కావలసిన చెమట కూడ పడుతుంది. అయినా మన పోటీలలో అది ఏనాడూ లేదు. ఎందుకు లేదో చదువరులకు వేరే చెప్పాలా? ఆడపిల్లలు వాకిట్లో ఆడుకొనేది గనుక లేదు. గీత గీసినప్పుడు మనం ఆటను చూడలేదు, ఆడేవారిని చూసినాము. మూడేండ్ల క్రితం మేము చేసిన తప్పు ఇదే.

అయితే మొదటి కొలబద్దలో మాత్రం పెద్దమ్మగారి ఆట కొంచెం తడబడుతుంది. ఎందుకంటే ఒక్కొక్క ఇంట ఒక్కొక్క నియమం. ఆ రోజు కూడ, ఖాళీ గుంట వచ్చినప్పుడు పక్క గుంట పిక్కలు తీసుకోవాలా, అవతలి వరుసవీ కలుపుకోవాలా అని పావుగంట వాదం నడిచింది. హోసూరు వైపువారు ఒక విధమన్నారు, కోయంబత్తూరు వైపువారు మరొకటన్నారు. ఇది పరిహాసానికి కారణం కాకూడదు. చెడుగుడు కూడ ఒకప్పుడు ఊరికొక తీరుగా ఉండేది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో మహారాష్ట్ర వైపు వ్యాయామశాలలవారు కూర్చొని నియమాలు రాసినారు గనుక, అది 1936లో బెర్లిన్‌లో ప్రదర్శనకూ, 1990లో బీజింగు ఆసియా క్రీడలకూ పోగలిగింది. ఎవరో ఒకరు ఓపికగా కూర్చొని రాసినారు, అంతే తేడా.

చెమట పక్షంవారి మాటను మేము పూర్తిగా తోసివేయడం లేదు. వారి భయం నిజమైనది. మైదానాలు తగ్గిపోతున్నవి, పిల్లలు బల్లల ముందు, ఫోనుల ముందు వంగి కూర్చొంటున్నారు. బల్ల ఆటలకూ కప్పులిస్తే పరుగెత్తేవాడెవడని వారి బెంగ. అందుకు మా మనవి ఇది: మైదానపు ఆటలకు ఒక వరుస, బల్ల ఆటలకు ఒక వరుస కప్పులు పెట్టండి. రెంటికీ ఒకే కప్పు, ఒకే గౌరవం. పదహారేండ్ల లోపు పిల్లలు బల్ల ఆటకు పేరిస్తే మైదానపు ఆట ఒకదానికి కూడ పేరివ్వాలని నియమం చేయండి. పెద్దవారికి ఆ నిర్బంధం వద్దు. డెబ్బయి దాటినవారిని పరుగెత్తమనడం మా ఉద్దేశం కాదు.

ఇక చదువరులకొక మనవి. మీ ఇంట వామనగుంటలు, పులి-మేక, అష్టాచెమ్మ, తొక్కుడుబిళ్ళ ఎలా ఆడేవారో మీ అమ్మమ్మలను, నాయనమ్మలను అడిగి, నియమాలు ఒక కాగితం మీద రాసి మాకు పంపండి. బెంగుళూరు వారూ, బరంపురం వారూ, బొంబాయి వారూ, యానాం వారూ అందరూ పంపండి. ఆటలో వాడే మాటలు కూడ అలాగే రాయండి. అవి మన పిల్లలకు ఇప్పుడే తెలియడం లేదు. వచ్చినవన్నీ పోల్చి చూసి, వచ్చే సంక్రాంతిలోగా ఒక చిన్న నియమావళి ఈ పుటలలోనే అచ్చువేస్తాము.

పెద్దమ్మగారి కప్పు సంగతి అంటారా? వచ్చే సమావేశంలో పాత నియమం మార్చాలని తీర్మానం పెట్టేవారిలో మేమూ ఉంటాము. అది నెగ్గినా నెగ్గకపోయినా, ఆనాడు ఎత్తిన చెయ్యిని ఈనాడు దించుకొన్నామని అందరి ముందూ చెప్పుకోవడం మా ధర్మం. ఆమెకు కబురు పంపినాము. "కప్పు వచ్చినప్పుడు చూద్దాం గాని, మనుమరాలు మళ్ళీ ఆడదామంటున్నది, పిక్కలు కడిగి ఎండబెట్టినాను" అని జవాబు వచ్చినది.