సినిమా చూపిస్తూ బ్రెయిన్ ఆపరేషన్ సరే.. ముక్కులోంచి తీసే ట్యూమర్ సంగతేంటి? సిద్దిపేట పేషెంట్లకు అసలు చిక్కు ఎక్కడ?

సిద్దిపేట: బ్రెయిన్ ఆపరేషన్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఫోన్లలో తిరిగిన ఆ వీడియోలే. 2022 ఆగస్టులో సికింద్రాబాద్ గాంధీ ఆస్పత్రి డాక్టర్లు ఓ మహిళకు చిరంజీవి 'అడవి దొంగ' సినిమా చూపిస్తూ ట్యూమర్ తొలగించారు. 2024 సెప్టెంబర్‌లో కాకినాడ జీజీహెచ్‌లో మరో మహిళకు ఎన్టీఆర్ 'అదుర్స్' చూపిస్తూ సర్జరీ చేశారు. రెండూ సర్కారు దవాఖానలే. రెండు వీడియోలూ వైరల్ అయ్యాయి.

అయితే తలలో వచ్చే గడ్డలన్నీ ఒక్క తీరుగా ఉండవు. పేషెంట్‌ను మెలకువగా ఉంచి, పుర్రె తెరిచి తీసేవి కొన్ని. మెదడుకు అడుగున, పుర్రె పునాదిలో దాక్కునేవి మరికొన్ని. వీటినే స్కల్ బేస్ ట్యూమర్లు అంటారు. హైదరాబాద్‌కు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న సిద్దిపేట లాంటి జిల్లాలో వీటితో వచ్చే చిక్కు ఆపరేషన్ థియేటర్‌కు చేరకముందే మొదలవుతుంది.

ఎందుకంత కష్టం?

కళ్ల వెనక నుంచి, ముక్కు పైభాగం మీదుగా, చెవుల లోపలి దాకా పరుచుకున్న ఎముక మీదే మెదడు కూర్చుని ఉంటుంది. చూపు, వినికిడి, ముఖం కదలిక, మింగడం.. ఈ పనులు చేసే నరాలన్నీ ఆ ఎముకలోని రంధ్రాల గుండానే బయటికి వస్తాయి. మెదడుకు రక్తం తెచ్చే పెద్ద నాళాలు కూడా అక్కడి నుంచే పోతాయి. అంత ఇరుకు చోట గడ్డ పెరిగితే పక్కనున్న నరం నలిగిపోతుంది.

బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథిలో వచ్చే అడినోమా, మెదడు పొర నుంచి పుట్టే మెనింజియోమా, వినికిడి నరం దగ్గర వచ్చే అకౌస్టిక్ న్యూరోమా.. ఈ కోవలోవే. వీటిలో చాలావరకు క్యాన్సర్ కాదు. ప్రమాదమంతా అవి ఉన్న చోటుతోనే.

ముక్కే దారి

ముక్కు గుండా పిట్యూటరీ గడ్డను తీయడం కొత్త ముచ్చటేం కాదు. ఆస్ట్రియా సర్జన్ హెర్మన్ ష్లోఫర్ 1907లోనే ఆ పని చేశారు. 1960ల్లో మైక్రోస్కోప్, 1990ల్లో ఎండోస్కోప్ రావడంతో పద్ధతి మారిపోయింది. ఇప్పుడు ఈఎన్‌టీ సర్జన్, న్యూరో సర్జన్ కలిసి పనిచేస్తారు. సన్నటి కెమెరా గొట్టాన్ని ముక్కులోంచి పంపి, వెనకున్న సైనస్‌ను దాటి, పల్చటి ఎముకను తొలిచి గడ్డను కొంచెం కొంచెంగా తీస్తారు. బయటికి కోత కనిపించదు.

కోత లేదు కాబట్టి చిన్న ఆపరేషన్ అనుకుంటే పొరపాటే. మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కులోంచి కారితే మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ సోకుతుంది. అందుకే ముక్కు లోపలి పొరనే తిప్పి ఆ రంధ్రాన్ని మూసేస్తారు. పైగా అన్ని గడ్డలకూ ఈ దారి పనికిరాదు. అకౌస్టిక్ న్యూరోమాకు చాలాసార్లు చెవి వెనక నుంచి వెళ్తారు. చిన్నగా ఉంటే రేడియేషన్ ఇస్తారు, లేదంటే స్కాన్లతో గమనిస్తూ ఉంటారు. ప్రొలాక్టిన్ హార్మోన్‌ను పెంచే పిట్యూటరీ గడ్డలైతే ఎక్కువ శాతం మందులకే తగ్గుతాయి. అందుకే కత్తి పట్టేముందు హార్మోన్ల టెస్టు తప్పనిసరి.

అద్దాలు మార్చినా చూపు రాకపోతే?

అసలు సమస్య ఇక్కడే ఉంది. ఈ గడ్డలు నెమ్మదిగా పెరుగుతాయి. పిట్యూటరీ గడ్డ చూపు నరాన్ని నొక్కితే రెండు పక్కల చూపు తగ్గుతుంది, ఎదురుగా ఉన్నవి మాత్రం కనిపిస్తూనే ఉంటాయి. నడుస్తుంటే పక్కనున్న తలుపు తగులుతుంది. బైక్ మీద పక్కనుంచి వచ్చే బండి కనిపించదు. దాన్ని వయసు ప్రభావం అనుకుని అద్దాల షాపుకు వెళ్తారు. ఒక చెవికే ఫోన్ సరిగ్గా వినిపించకపోతే గులిమి అనుకుంటారు. చెప్పుల సైజు పెరిగినా, ఉంగరం బిగుసుకుపోయినా లావయ్యామనుకుంటారు.

కంటి వెలుగు 2018 ఆగస్టు 15న మొదలైంది ఉమ్మడి మెదక్ జిల్లాలోని మల్కాపూర్‌లోనే. ఊరూరా కంటి పరీక్షలు చేయొచ్చని ఆ క్యాంపులు నిరూపించాయి. కానీ అద్దాల నంబర్ చూడటం వేరు, పక్క చూపును పరీక్షించడం వేరు. అద్దాలు పెట్టినా చూపు మెరుగుపడని వ్యక్తిని పై ఆస్పత్రికి పంపే పద్ధతి గట్టిగా ఉంటేనే ఇలాంటి గడ్డ ముందుగా దొరుకుతుంది. చాలాకాలం నలిగిన నరం, గడ్డ తీసేసినా పూర్తిగా కోలుకోకపోవచ్చు. ఇక్కడ ఆలస్యానికి మూల్యం చూపే.

అన్ని జిల్లాల్లో సర్జరీ చేయాలా?

అలా అడగడం తేలికే. కానీ ఈ సర్జరీలు ఎక్కువగా చేసే టీమ్‌ల దగ్గరే ఫలితాలు బాగుంటాయి. ఈఎన్‌టీ, న్యూరో, ఎండోక్రైన్, మత్తు డాక్టర్లు, ఐసీయూ.. అన్నీ ఒకే చోట ఉండాలి. కాబట్టి ఆపరేషన్ నిమ్స్ లాంటి పెద్ద ఆస్పత్రుల్లో జరగడమే మేలు. జిల్లా చేయాల్సిన పని గడ్డను ముందే పట్టుకోవడం, ఆపరేషన్ తర్వాత చూసుకోవడం.

2018లో సిద్దిపేటకు ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. 2023 అక్టోబర్ 3 నుంచి సికింద్రాబాద్‌కు రైలు నడుస్తోంది. అదే ఏడాది డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెరిగింది. దారి, డబ్బు కొంత దగ్గరయ్యాయి. అయితే ఆపరేషన్‌తో కథ అయిపోదు. కొందరికి హార్మోన్ మాత్రలు జీవితాంతం కావాలి. ఎంఆర్ఐ స్కాన్లు ఏళ్ల తరబడి చేయించుకుంటూ ఉండాలి. ప్రతిసారీ హైదరాబాద్ వెళ్లాలంటే పేషెంట్‌తో పాటు వెంట వెళ్లేవాళ్ల కూలి కూడా పోతుంది. ఆ చెకప్‌లలో కొన్నైనా జిల్లాలోనే జరిగితే మధ్యలో వదిలేసేవాళ్లు తగ్గుతారు.

ఈ లక్షణాలున్న ప్రతి ఒక్కరికీ ట్యూమర్ ఉన్నట్టు కాదు. కానీ అద్దాలతో సరికాని చూపు, ఒక్క చెవికే తగ్గే వినికిడి, నెలల తరబడి వదలని తలనొప్పి ఉంటే మెడికల్ షాపు గోలీలతో సరిపెట్టుకోకుండా డాక్టర్‌కు చూపించుకోవాలి. ఇప్పటికే సర్జరీ అయినవాళ్లకు ముక్కులోంచి నీళ్లలా కారుతుంటే జలుబని వదిలేయకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.